ఇరవై మూడో కుట్టు

"దీన్ని ఎవరు కుట్టారండీ?"

పాస్‌పోర్ట్ ఆఫీసులో మూడో నంబరు కౌంటర్ వెనక కూర్చున్న యువకుడు అడిగాడు. అతని గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"నేనే," అంది అమ్మాయి.

"ఎందుకు కుట్టారు?"

"అట్ట ఊడిపోతుంటే కుట్టక ఏం చేస్తారు? మాది బైండింగ్ షాపు. ఊడినదేదైనా కనిపిస్తే మా చెయ్యి ఊరుకోదు."

"మీ చెయ్యి ఊరుకోదు, మా రూలూ ఊరుకోదు. సూది పడిన పాస్‌పోర్ట్ చెల్లదండీ."

పొద్దున వీసా ఆఫీసులోనూ అదే మాట చెప్పి, కొత్తది తెచ్చుకోమని పంపేశారు. ఆమె వెళ్ళాల్సింది శిథిలమైన పాత పుస్తకాలను బాగుచేయడం నేర్పే శిక్షణకి. విదేశంలో మూడు నెలలు. మూడేళ్ళు వరసగా కాదన్నవాళ్ళు నాలుగో ఏడు రమ్మన్నారు. విమానానికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

"అరవాలనుంటే అరవండి. పొద్దుట్నుంచి ఐదుగురు అరిచారు," అన్నాడు అతను.

"అరిస్తే కొత్తది వస్తుందా?"

"రాదు."

"మరి గొంతు పాడు చేసుకోవడం ఎందుకు? ఏం చెయ్యాలో చెప్పండి."

అతను తలెత్తి చూశాడు. కంప్యూటర్లు ఆగిపోయి జనం గోల పెట్టినా "ఒక్కొక్కటిగా చూద్దాం" అంటాడని ఆఫీసులో అతనికి 'నిదానం' అని పేరు పెట్టారు. తనకంటే నిదానమైన మనిషిని చూడడం అతనికి ఇదే మొదలు. అయితే సంచి పట్టీని మెలిపెడుతున్న ఆమె వేళ్ళు కూడా అతని కంటపడ్డాయి.

"ఎలా పాడైందో రాసి సంతకం పెట్టండి. అర్జెంట్ కింద పంపిస్తాను."

ఆమె రాసిచ్చింది. అతను చదివి, కాగితాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఇది మీరు కుట్టలేదు. ముడి వేసింది ఎడమచేతి వాటం మనిషి. మీరు కుడిచేత్తో రాశారు."

"ఇక్కడ ముడులు కూడా చదువుతారా?"

"మా అక్క దర్జీ. ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన ముడులు విప్పలేక నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు."

నవ్వబోయిన అమ్మాయి ఆగి, గొంతు తగ్గించింది. "మా నాన్న కుట్టారు. ఆదివారం నేను లేచేసరికి బల్ల మీద పెట్టి, 'ఇక ప్రపంచమంతా తిరిగినా ఊడదమ్మా' అన్నారు. అమ్మ పోయాక ఆయన మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. తన వల్లే నా ప్రయాణం ఆగిందని తెలిస్తే మళ్ళీ సూది పట్టుకోరు."

అతను ఇంకో ఖాళీ కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"అబద్ధం రాసి దొరికిపోతే మీ ప్రయాణం పోయినట్టే. నిజం రాస్తే ఇంకో సంతకం ఎక్కువ కావాలి, అంతే. కుట్టినవాళ్ళది."

"ఆయనతో ఎలా చెప్పను?"

"మూడో నంబరు అతను ఏమన్నాడో ముందు చెప్పండి."

"ఏమన్నారు?"

"ఇంకా అనలేదు, ఇప్పుడంటున్నాను." అతను పాస్‌పోర్ట్ వెన్నుని వేలితో నిమిరాడు. "ఇరవై రెండు కుట్లు. ఒక్కటీ వంకర లేదు. ఇంత అందమైన తప్పు ఈ ఆఫీసుకి ఎప్పుడూ రాలేదు."

సాయంత్రం వాన పడుతుండగా ఆమె షాపులో కూర్చుని అంతా చెప్పింది. తండ్రి శుభ్రంగా ఉన్న బంక కుంచెనే మళ్ళీ మళ్ళీ కడిగాడు. పంపు కట్టేశాక అడిగాడు.

"అందమైన తప్పు అన్నాడా?"

"అన్నాడు నాన్నా."

"కుట్లు లెక్కపెట్టాడా?"

"ఇరవై రెండట."

"ఇరవై మూడు. ఒకటి అట్ట లోపల ఉంది," అన్నాడాయన. ఆ మాటతో పాటే చిన్నగా నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు ఆయనే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో సంతకం పెట్టి, ఇరవై మూడోది ఎక్కడుందో చూపించి వచ్చాడు.

ఆ తర్వాత అమ్మాయి రోజూ పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళింది.

"మెసేజ్ వస్తుందని చెప్పాను కదండీ," అనేవాడు నిదానం.

"మెసేజ్ మీద నాకు నమ్మకం లేదు."

"మరి నా మీద?"

"అది చూడడానికే రోజూ వస్తున్నా."

పక్క కౌంటర్ ఆవిడ దగ్గుతూ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఆరో రోజు వెళ్ళేసరికి నిదానం లేచి నిలబడి ఉన్నాడు. కొత్త పాస్‌పోర్ట్ ఆమె చేతిలో పెట్టి, "దీన్ని మీ నాన్నగారికి అందనంత ఎత్తులో పెట్టండి," అన్నాడు. దాని మీద వీసా కూడా సమయానికే వచ్చింది.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం అతను షాపుకి వచ్చాడు. చంకలో చిన్నప్పటి అట్లాసు ఉంది. అట్ట ఊడి, పేజీలు విడివిడిగా వచ్చేశాయి.

"రోజుకి వందమందికి పాస్‌పోర్టులు ఇస్తారు. మీరు ఎన్ని దేశాలు చూశారు?" అంది ఆమె.

"ఇందులో ఉన్నవన్నీ. నాకసలు పాస్‌పోర్టే లేదు." అతను అట్లాసుని బల్ల మీద పెట్టాడు. "నిన్ననే అప్లై చేశాను. ఎందుకో మీకు తెలిసే ఉంటుంది."

ఆమె మొహం ఎర్రబడింది. "రోజూ వచ్చింది మెసేజ్ కోసం కాదని మీకు తెలిసినట్టే," అంది.

తండ్రి అట్లాసు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడు నెలలు పడుతుంది బాబూ."

"నాన్నా! అది ఒక్క పూట పని."

"నా చేతిలో ఒక్క పూటే. కానీ ఇది నేను కట్టేది కాదు. కట్టాల్సినవాళ్ళు తిరిగొచ్చాకే," అని ఆయన లోపలి గదిలోకి వెళ్ళాడు. లేని పని ఏదో గుర్తొచ్చినట్టు.

"నాకేం తొందర లేదు," అన్నాడు నిదానం.

ఆమె పేజీలు తిరగేసి, తాను వెళ్ళబోయే దేశం ఉన్న కాగితాన్ని బయటికి తీసింది. జాగ్రత్తగా మడిచి కొత్త పాస్‌పోర్ట్‌లో పెట్టుకుంది.

"ఇది లేకుండా ఎవరూ కట్టలేరు," అంది. "తీసుకొస్తాను."