రోడ్డు మీద కంది కట్టె

మంగళవారం సాయంత్రం ఏడూ నలభైకి కోడుమూరు ఆసుపత్రి ముందు ఒక లారీ ఆగింది. డ్రైవర్ క్యాబిన్‌లోంచి ఒక కుర్రాణ్ణి భుజాన వేసుకుని దిగాడు.

డాక్టర్ నాడి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అప్పటికే ప్రాణం పోయింది.

చనిపోయినవాడి పేరు వంశీ. ఇరవై ఏడేళ్ళు. కడపలో యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్. రోడ్డు ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి, ఎలా ఆపాలి అన్నదే అతని పరిశోధన. చివరికి రోడ్డు మీదే పోయాడు. దేవుడికి ఇలాంటివి ఎలా తోస్తాయో!

తెచ్చిన డ్రైవర్ పేరు వీరేష్. చొక్కా నిండా రక్తం. లారీ బంపర్‌కి సొట్ట. పోలీసులకు ఇంకేం కావాలి? తెల్లారేసరికి లాకప్‌లో ఉన్నాడు.

బుధవారం పొద్దున ఎస్సై నాగలత అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"యాడ గుద్దినావు?"

"నేను గుద్దలేదు మేడం. పిట్టలగుట్ట కాడ రోడ్డు పక్కన పడుండినాడు. ఎత్తుకొచ్చినా."

"బంపర్ సొట్ట?"

"పోయిన నెల ఆదోనిలో లోడ్ ఎక్కిస్తాంటే పడింది. తుప్పు గూడా పట్టుండాది. చూసుకోండి."

"ఎన్ని గంటలకు చూసినావు ఆ పిల్లోణ్ణి?"

"ఏడుంబావు అయ్యుంటాది."

"నీకంటే ముందు ఆ దోవన ఎవురూ పోలేదా?"

వీరేష్ నవ్వాడు. ఏడుపు కంటే అధ్వాన్నంగా ఉంది ఆ నవ్వు.

"పోయింటారు మేడం. వాళ్ళు తెలివైనోళ్ళు. నాకే తెలివి లేకపాయ."

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ అతని పరిస్థితి. నాగలతకు అతని మాట నమ్మాలనిపించింది. కానీ నమ్మకం కోర్టులో చెల్లదు.

సీఐ ఫోన్ చేశాడు. "డ్రైవర్ దొరికాడు, రక్తం దొరికింది. రేపు పదకొండుకి కోర్టులో పెట్టెయ్. ఇంకా ఏం తవ్వుతావమ్మా?"

"సర్, ఆ పిల్లాడి బైక్ ఫోటోలు చూశాను. వెనకభాగం చెక్కు చెదర్లేదు. ముందు చక్రం రిమ్ము మాత్రమే వంగింది. లారీ వెనక నుంచి గుద్దితే..."

"రేపు పదకొండు," అని ఫోన్ పెట్టేశాడు.

నాగలతకు ఒళ్ళు మండింది. మండి ఏం ప్రయోజనం? ఆమె చేతిలో ఒక్క రోజుంది. ఈలోగా నిజం తేలకపోతే, ఆ రోడ్డు మీద ఆగిన ఒకే ఒక్క మనిషి జైలుకు పోతాడు.

పదిన్నరకు కానిస్టేబుల్ ఆంజనేయతో పిట్టలగుట్ట చేరింది. రోడ్డు తిన్నగా, నున్నగా ఉంది. ఎడమవైపు ఊరు. కుడివైపు బీడు పొలాలు, ఒక బస్సు ఆగే చోటు. తారు అప్పుడే మెత్తబడుతోంది. ముక్కలైన గాజు లేదు. లారీ బ్రేకు వేసిన గుర్తు లేదు.

ఊరికి కొంచెం ముందు, కర్నూలు వైపు, రోడ్డుకు అడ్డంగా రెండు నల్లటి రబ్బరు ట్యూబులు బిగించి ఉన్నాయి. పక్కన తాళం వేసిన ఇనుప పెట్టె.

"ఇదేందప్పా?"

"ఆ వంశీ సారు పెట్టించినాడు మేడం. బండి ఎక్కితే ఎంత స్పీడు పోతాందో పెట్టె రాసుకుంటాదంట."

బైక్ ఇంకా రోడ్డు పక్క గుంతలోనే ఉంది. నాగలత వంగి చూసింది. గొలుసులో, మడ్‌గార్డ్ లోపల ఎండిన పుల్లలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి లాగింది.

"కంది కట్టె," అన్నాడు ఆంజనేయ. "ఈడ అందురూ రోడ్డు మీదనే కల్లం జేస్తారు గదా మేడం. పైరు పరిస్తే బండ్లే తొక్కుతాయి. మామూలే."

"మామూలే," అంది నాగలత. ఆమెది కోసిగి. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా రోడ్డు మీదే జొన్న నూర్చేది. పుల్లను జేబులో వేసుకుని ఊళ్ళోకి నడిచింది. ఇల్లిల్లూ అడిగినా ఏమీ చూడలేదన్నారు.

ఆ 'మామూలే' అన్న మాటే కేసును రెండు గంటలు వెనక్కి నెట్టింది.

ఒంటిగంటకు కడప నుంచి ప్రొఫెసర్ పద్మప్రియ పిట్టలగుట్టకు వచ్చింది. వంశీకి గైడ్. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. ల్యాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుని జీపులో కూర్చుంది.

"వంశీకి శత్రువులెవరైనా ఉన్నారా మేడం?"

"లేరు. రోడ్డు దాటే ముసలాళ్ళకు కూడా సలాం కొట్టే పిల్లాడు."

"నిన్న ఇక్కడికి ఎందుకొచ్చాడు?"

"డేటా అర్థం కాక." ఆమె స్క్రీన్ తిప్పింది. "ఈ పెట్టె వేగాలన్నీ ఫోన్ సిగ్నల్ మీద మాకు పంపుతుంది. ఇక్కడ లారీలు డెబ్భై, ఎనభైలో పోతాయి. అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాం. జూన్ మధ్య నుంచి చూడండి. పొద్దున, సాయంత్రం మాత్రం ఇరవై అయిదుకు పడిపోయింది."

"స్పీడ్ బ్రేకర్ వేశారా?"

"లేదు. పెద్ద రోడ్డు మీద బ్రేకర్ వేయడానికి రూల్ ఒప్పుకోదన్నారు రోడ్ల శాఖవాళ్ళు. ప్రమాదం ఉందని మా రిపోర్టు తేలిస్తే ఆలోచిస్తామన్నారు." ఆమె గొంతు తగ్గింది. "మొన్న మధ్యంతర రిపోర్టు పంపాం. నిన్న జవాబొచ్చింది. 'ఇచ్చట సగటు వేగం అదుపులోనే ఉన్నది. చర్య అనవసరం.' వంశీ అది చదివి, పెట్టె పాడైందేమోనని పరుగెత్తాడు. కర్నూలులో స్నేహితుడి బైక్ తీసుకుని..."

"నిన్న సాయంత్రం పెట్టెలో ఏముంది?"

"ఆరూ యాభై ఒకటికి ఒక టూవీలర్. ఏడూ పదహారుకి ఒక లారీ. ఆ మధ్యలో అదే వైపు పోయినవి పదకొండు బండ్లు."

పదకొండు! గుద్దిన బండి వాటిలో ఏదైనా కావచ్చు. ఒక్కటీ ఆగలేదన్నది మాత్రం నిజం. వంశీ దారిలో ఆగి ఉంటే, ఏడూ పదహారు లారీయే గుద్దిందనీ అనొచ్చు. వీరేష్‌ని ఆ పెట్టె కూడా కాపాడలేదు.

"జూన్ మధ్యలో ఇక్కడ ఏం జరిగింది?" అంది నాగలత తనలో తాను.

"బడులు తెరిచారు," అంది పద్మప్రియ.

నాగలత చెయ్యి జేబులోకి పోయింది. పుల్ల తీసి చూసింది. తిప్పి చూసింది.

"ఆంజనేయా, కంది ఎప్పుడు కోస్తారు?"

"సంక్రాంతికి అటూ ఇటూ మేడం."

"ఇప్పుడు ఏ నెల?"

"జూను."

"దీనికి ఒక్క కాయన్నా ఉండాదా?"

ఆంజనేయ నోరు తెరిచాడు. "లేదు మేడం. ఇది పొయ్యిలో కట్టె."

"ఉత్త కట్టెను లారీలతో ఎవరు తొక్కిస్తారప్పా?"

జీపు ఊళ్ళోకి తిరిగింది. ఈసారి నాగలత ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇళ్ళ ముందర నేల చూస్తూ నడిచింది. నాలుగో ఇంటి దగ్గర ఆగింది. నీళ్ళ తొట్టి పక్కన పుచ్చకాయంత రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకదాన్ని తిప్పింది. అడుగున నల్లగా తారు. జూన్ ఎండకు కరిగి అంటుకున్న కొత్త తారు. తొమ్మిదో రాయికి బైక్ రిమ్ము రాసుకున్నట్టు వెండిరంగు గీత.

ఇంటి గడపలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు గిడ్డమ్మ. రాళ్ళను చూడలేదు, ఎస్సైని చూడలేదు. తన చేతులు చూసుకుంటోంది.

మూడున్నరకు అందర్నీ రోడ్డు మీదికి పిలిపించింది నాగలత. ప్రమాదం ఎలా జరిగిందో చూడాలని లారీని కూడా తెప్పించింది. వీరేష్ బేడీలతో నిలబడ్డాడు. పద్మప్రియ, ఊరి ఆడవాళ్ళు ఓ పక్క. అందరికంటే ముందు గిడ్డమ్మ.

"ఈ కేసులో లారీ లేదు," అంది నాగలత. "కారూ లేదు. వంశీని ఏ బండీ గుద్దలేదు. వంశీయే రాళ్ళను గుద్దుకున్నాడు. మనం రోడ్డు మీద పైరు పరుస్తాము. బండ్లు అంచు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాము. నూర్పిడి అయినాక ఏం జేస్తాం? గింజ గింజా ఏరుకుంటాం. పొట్టు గూడా ఊడ్చుకుంటాం. రాళ్ళు మాత్రం ఎవరూ తీయరు. మా అమ్మా తీయలేదు. పైరుంటే దూరం నుంచే కనపడతాది. పైరు పోయినాక, మసక చీకట్లో, నల్ల రోడ్డు మీద నల్ల రాళ్ళు ఎవరికి కనపడతాయి? పెద్ద బండ్లు మధ్యలో పోయినాయి. అంచున వచ్చిన బైక్‌కు తగిలినాయి."

నాగలత గిడ్డమ్మ వైపు తిరిగింది.

"ఇప్పుడు కల్లం కాలం కాదు. ఉత్త కట్టె ఎందుకు పరిచినారో నాకు తెలుసు. అవ్వా, నువ్వే చెప్పు. రేపు ఈయన్ని జైలుకు పంపమంటావా?"

గిడ్డమ్మ వీరేష్ చేతుల బేడీలు చూసింది.

"వద్దమ్మా. ఆయప్ప ఏం పాపం జేసినాడు? కట్టె పరిచింది నేనే. రాళ్ళు పెట్టింది నేనే."

"నువ్వొక్కదానివే కాదవ్వా!" అరిచింది వెనక నుంచి ఒకామె.

"నోరు మూసుకో శివకుమారీ. నీకు పిల్లోళ్ళుండారు," అని కసిరింది గిడ్డమ్మ. మళ్ళీ ఎస్సై వైపు తిరిగింది. "పోయినేడు నా మనమడు చంద్ర బస్సు దిగి దాటతాంటే లారీ కొట్టిపాయె. ఆఫీసుల సుట్టూ తిరిగినాము. బ్రేకరు కూడదన్రి. సంక్రాంతప్పుడు కంది పరిచింటే ఆ సదువుకునే పిల్లోడు వచ్చి, 'అవ్వా, మీ కల్లం ఉన్నన్నాళ్ళూ లారీలు నిదానంగా పోతాండాయి, ఒక్క ప్రమాదం లేదు' అన్నాడు. నగుతా అన్నాడు. బడి తెరిచినాక మాకు ఆ మాట గెవనమొచ్చింది. బస్సు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కట్టె పరుస్తాండాము. పిల్లోళ్ళు దాటినాక కట్టె ఎత్తుకుంటాము. రాళ్ళు... మా తాతల కాడ్నుంచీ ఎవురు తీసినారమ్మా?"

"నిన్న జరిగింది ఎప్పుడు చూసినావు?"

"ఆయప్ప లారీలో ఎత్తుకుపోయినాక. బైకు చూసినా. రాళ్ళు చూసినా. అన్నీ ఎత్తి ఇంటికి మోసినా. చచ్చింది ఆ పిల్లోడే అని పొద్దున తెలిసింది. మా కోసరం తిరిగిన పిల్లోడు తల్లీ!"

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. పద్మప్రియ ముఖం తిప్పుకుంది. తర్వాత మెల్లగా అంది, "వేగం తగ్గింది వీళ్ళ కట్టె వల్ల. ఆ తగ్గిన వేగమే మేం రాసి పంపాం. ఇక్కడ ప్రమాదం లేదని మా రిపోర్టే చెప్పింది."

"ఇప్పుడు తప్పని రాయొచ్చు కదా?" అంది నాగలత.

"రాస్తాను. అప్పుడు ఈ నెల డేటా చెల్లదు. మళ్ళీ ఏడాది కొలవాలి. కొలవడానికి వంశీ లేడు."

గోరుచుట్టు మీద రోకటి పోటు. నాగలత వీరేష్ బేడీలు తీయమంది. అవే బేడీలు గిడ్డమ్మకు వేయమనడానికి నోరు రాలేదు. చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించింది. చట్టం ప్రకారం అంతకంటే చేయగలిగింది లేదు. సీఐ మెచ్చుకుంటాడు. పేపర్లో ఫోటో వస్తుంది. తలచుకుంటేనే ఆమెకు చేదుగా ఉంది.

"ఆ రాళ్ళు ఇంక ఎవరూ రోడ్డు మీద పెట్టకూడదు," అంది ఆడవాళ్ళతో. తన గొంతు తనకే నచ్చలేదు. "పెడితే కేసవుతాది."

"సరేనమ్మా," అంది శివకుమారి. "నాలుగున్నరకు బస్సొస్తాది. మా పిల్లోళ్ళను ఎట్ల దాటించాల్నో నువ్వే చెప్పు."

రోడ్డు మీద ఒక ట్యాంకర్ దూసుకుపోయింది. ఆ గాలికి ఆడవాళ్ళ కొంగులు ఎగిరాయి.

నాలుగున్నరకు స్కూలు బస్సు వచ్చి అవతల ఆగింది. పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. కర్నూలు వైపు నుంచి ఇంకో లారీ హారన్ కొడుతూ వస్తోంది. ఆంజనేయ చెయ్యి ఊపాడు. అది తగ్గలేదు.

అప్పుడు వీరేష్ పరుగెత్తాడు. తన లారీ ఎక్కాడు. ఇంజన్ గర్జించింది. బండిని తెచ్చి రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు.

వచ్చే లారీ కీచుమంటూ ఆగింది. దాని వెనక ఇంకోటి. డ్రైవర్లు తలలు బయట పెట్టి బూతులు తిడుతున్నారు. వీరేష్ తలుపు తీసి, మెట్టు మీద నిలబడి పిల్లల్ని రమ్మని చెయ్యి ఊపాడు. పిల్లలు సంచులు ఎగరేసుకుంటూ లారీ నీడలో దాటారు. చివరి పాప మధ్యలో ఆగి జడ రిబ్బను కట్టుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

జీపులోంచి గిడ్డమ్మ ఆ పాపనే చూస్తోంది. పాప ఇవతలికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది.

"రేపు గూడా వస్తావా నాయనా?" అని కేకేసింది.

వీరేష్ ఆమె వైపు చూశాడు. ఎస్సై వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"రేపు నాకు బెంగుళూరు లోడ్ ఉండాది అవ్వా."