కుట్లు లేని ఆపరేషన్

కాఫీ గ్లాసును వసారా అరుగు మీద పెట్టి మునిరత్నమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. కోమలి మంచం మీద నుంచి వంగి అందుకుంది. ఆమె తిరుపతి ఆసుపత్రి నుంచి వచ్చి ఇది ఆరో రోజు. ఈ ఆరు రోజులూ కాఫీ అయినా, సంగటి అయినా ఇట్లాగే వస్తోంది. అత్త పెట్టి వెనక్కి జరుగుతుంది. కోమలి తిని, తన కంచం తానే కడిగి బోర్లిస్తుంది.

ఇంటి లోపల పాప దగ్గింది. మూడేండ్ల ప్రశాంతి, కోమలికి ఒక్కగానొక్క బిడ్డ. ధనుర్మాసం చలికి నాలుగు రోజులుగా దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వినిపించినప్పుడల్లా కోమలి లేచి నిలబడేది. నిలబడ్డాక పోవడానికి దారి లేదని గుర్తొచ్చి మళ్లీ కూర్చునేది.

ఏడాదిగా నెలకు పది, పన్నెండు రోజులు ఆగకుండా రక్తం పోతున్నా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పాత చీరలు చింపుకుంటూ, పని చేసుకుంటూ గడిపింది. ఒకరోజు పాల చెంబుతో గడపలోనే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు భర్త ధనంజయ చంద్రగిరి దాకా జీపులో, అక్కడి నుంచి బస్సులో తిరుపతికి తీసుకుపోయాడు. తోడుగా మునిరత్నమ్మ కూడా వెళ్లింది. గర్భసంచిలో చిన్న కండ పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. మత్తిచ్చి, కింది నుంచే ఆ కండ తీసి, లోపల శుభ్రం చేసి మరునాడే పంపించేసింది. రెండు వారాలు బరువెత్తకూడదంది. బిందె సంగతి అటుంచి, బిడ్డను కూడా చంకనెత్తుకోవద్దంది. పది రోజుల దాకా కొంచెం కొంచెం రక్తం కనిపిస్తుంది, భయపడొద్దంది.

ఆ చివరి మాటే కోమలి కొంప ముంచింది. రక్తం కనిపిస్తోందంటే బయట ఉండాల్సిందేనని మునిరత్నమ్మ తేల్చేసింది. ఆ ఇంట్లో ముట్టయిన ఆడది వసారాలోనే ఉంటుంది. ఎవరినీ తాకదు. నిలిచాక తలకు పోసుకుని లోపలికి వస్తుంది. ఈలోగా పిల్లలెవరైనా తాకితే వాళ్ల గుడ్డలు విప్పి నీళ్లు పోయాలి. ఈ చలిలో, ఈ దగ్గులో బిడ్డకు నీళ్లా? అందుకని పాప పరిగెత్తుకొస్తే కోమలే చేయి అడ్డం పెట్టి రావద్దనేది. మొదటి రెండు రోజులు పాప ఏడ్చింది. మూడో రోజు గడప మీద నిలబడి చూసింది. నిన్న అవ్వ కొంగు పట్టుకుని తిరుగుతూ ఒకసారి వసారా వైపు చూసింది, ఎవరో చుట్టాలావిడను చూసినట్టు. చూసి తల తిప్పుకుంది.

కండ తీసిన నొప్పి రెండు రోజుల్లో పోయింది. ఆ చూపు మాత్రం పోలేదు.

మునిరత్నమ్మ పాలకేంద్రానికి బయల్దేరాక కోమలి గుడ్డ చూసుకుంది. గోరంత మరక. ఏమీ లేనట్టే. ఎవరికి తెలుస్తుంది? గబగబా తలకు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుని గడప దాటింది.

పాప పరిగెత్తుకు రాలేదు. స్తంభం వెనక నిలబడి, తాకొచ్చా అని అడిగింది. తాకొచ్చు తల్లీ, అని కోమలి చేతులు చాచింది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చేసరికే బిడ్డ చంకలో ఉంది.

కోడలు లోపలికొచ్చిందని ఇంటికి తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆరు రోజులుగా ఒక్క మాట అడగని మామ ఏకాంబరం వేడినీళ్లు తెమ్మన్నాడు. చెరకు గానుగ ఆడుతున్న రోజులు. బెల్లం వండే కూలీలు ఐదుగురికి పొద్దుటి సంగటి పోవాలి. ధనంజయ తలలోని చెరకు పిప్పి దులుపుకుంటూ వచ్చి, ఆమె తడి జుట్టు చూసి సంతోషపడ్డాడు. తలకు పోసుకున్నావు కదా, సంగటి నువ్వే కెలుకు, అమ్మ ఒక్కతే చేసి చేసి చేతులు పడిపోయినాయి, అన్నాడు. చెడ్డవాడేం కాదు. పొట్ట మీద కోత లేదు, కుట్టు లేదు, మనిషి నడుస్తోంది. అంతా అయిపోయిందనే అనుకున్నాడు. కోమలికీ కాస్త అట్లాగే అనిపించింది.

ఐదుగురు కూలీలకు సంగటంటే మాటలు కాదు. కుండను దించి, కాళ్లతో అదిమిపట్టి, కట్టెతో ఉండలు లేకుండా కెలకాలి. కెలికింది. ముద్దలు చేసి గంపలో పెట్టింది. ఊరిబిండి పచ్చడి గిన్నె దాని మీద పెట్టి గంప ఎత్తింది. వాకిలి దాకా వచ్చేసరికి పొత్తికడుపులో ఏదో జారినట్టయింది. తొడల వెంబడి వెచ్చగా దిగింది.

అప్పుడే ఖాళీ క్యానుతో మునిరత్నమ్మ వచ్చింది. కోడలి మొహం చూసింది, గంప చూసింది, గడప మీద పడిన రెండు చుక్కలూ చూసింది.

"ఎవురు నిన్ను లోపలికి రమ్మనింది?"

గొంతు పెంచలేదు. అయినా కోమలికి ఆరు రోజుల ఏడుపూ ఒక్కసారిగా పొంగుకొచ్చింది. గంప దించేసి గోడకు చేరగిలబడింది.

"ఎన్నాళ్లుండాలత్తా ఆడ? ఇది ముట్టు కాదని డాక్టరమ్మ చెప్పింది. నా బిడ్డ నన్ను సూసి మొగం తిప్పుకుంటా ఉండాది. నీకు మైల కనబడతాది గానీ నేను కనబడను."

"ముట్టు కాదని నాకూ తెలుసు. ఆయమ్మ చెప్పేటప్పుడు నీ పక్కన కూసోనుండింది నేనే కదా."

"మరి ఎందుకు నన్ను..."

"ఆపరేషనయింది, పదైదు దినాలు పండుకోనీండి అని నేనంటే ఈ ఇంట్లో ఎవురు వింటారు? కోత యాడుండాది, కుట్లు యాడుండాయి అంటారు. బయట ఉండాది అంటే ఒక్కడూ నీ జోలికి రాడు. ఈ ఆరు దినాల్లో నిన్ను ఎవురన్నా నీళ్లడిగినారా? తలకు పోసుకోని గంట కాలేదు, అప్పుడే గంప చేతికొచ్చింది."

ఏకాంబరం వేడినీళ్ల చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

మునిరత్నమ్మ గడప మీదే కూర్చుని చెప్పింది, ఎవరికో జరిగినట్టు. ధనంజయ పుట్టిన రెండేండ్లకు నాలుగో నెలలో కడుపు పోయింది. పట్నం ఆసుపత్రిలో కడిగి పంపించారు. అదీ గానుగ కాలమే. మూడో రోజే తలకు పోసుకుని గంప ఎత్తుకుంది. తర్వాత ఆరు నెలలు జ్వరాలు, రక్తం. ముప్పై నిండకముందే గర్భసంచి తీసేశారు.

"నన్ను బయట కూసోబెట్టేదానికి అప్పుడు నాకు అత్త లేదు" అంది చివరికి.

ఇదంతా ఆ గంప ఎత్తినందుకేనని నాకు చెప్పలేదేమే, అన్నాడు ఏకాంబరం మెల్లగా. నువ్వు అడిగినావా అంది ఆమె. అందులో కోపం లేదు. అందుకే ఆయన తల ఎత్తలేకపోయాడు.

కోమలి కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకన్నా చెప్పుండొచ్చు కదత్తా. నేనంటే నీకు రోత అనుకున్నా."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. మొగుడికి చెప్పకుండా ఉంటావా?" అంది మునిరత్నమ్మ. "బిడ్డ సంగతి మాత్రం నేను ఆలోచన చేయలా. నాకు తోచిన దారి అదొక్కటే. తప్పే."

లేచి వచ్చి కోడలి చంక కింద చేయి వేసింది. వసారా వైపు కాదు, లోపలి గదిలోకి, తన మంచం దగ్గరికి నడిపించింది. పోతూ పోతూ మగవాళ్లిద్దరికీ వినపడేటట్టు చెప్పింది. ఇకమీదట ఈ పిల్ల బయట లేదు. ఆపరేషనై పడుకోనుంది. డాక్టరమ్మ చెప్పిన గడువు దాటేదాకా దీన్ని ఒక్క పని అడిగినోళ్లకు ఆ పూట సంగటి లేదు.

ధనంజయ చంద్రగిరికి సైకిలు తొక్కాడు. టెలిఫోన్ బూతు నుంచి ఆసుపత్రికి మాట్లాడాడు. కదలకుండా పడుకోబెట్టమన్నారు. సాయంత్రంలోగా తగ్గకపోతే తీసుకురమ్మన్నారు. నువ్వు మొగుడివేనా అని డాక్టరమ్మ అడిగిందట. ఆ మాట అతను దాచలేదు, వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పటికి రక్తం తగ్గుముఖం పట్టింది. సంగటి ఎవరు తీసుకుపోయినారని కోమలి అడిగింది. తుండుగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని నాయనే గంప మోసుకుపోయినాడు, కూలోళ్లు బెల్లం కెలకడం మానేసి సూస్తా ఉండారు, అన్నాడతను. కోమలికి నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట నొప్పి పుట్టింది.

పాప గది గుమ్మంలో నిలబడి అంతా చూస్తూనే ఉంది.

"అవ్వా, నువ్వు అమ్మను తాకినావు. నీళ్లు పోసుకోవా?"

మునిరత్నమ్మ దుప్పటి సర్దుతున్న చేయి ఆపలేదు. "నీకు జొరమొస్తే నిన్ను తాకి నీళ్లు పోసుకున్నానా? ఇదీ అంతే" అని నేరుగా వంటింట్లోకి పోయింది.

పాప కొంచెంసేపు ఆలోచించింది. మంచం దగ్గరికి వచ్చి, ముందు ఒక్క వేలితో అమ్మ చేతిని తాకింది. వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు దుప్పటి ఎత్తి లోపలికి దూరింది.