పిచ్చిజైలులో పదమూడో గింజ

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు, కొత్తకోట హైవే మీది దాబాలో, రొట్టె తుంచి పప్పులో ముంచబోయిన అబ్రహాం అలాగే బల్ల మీదికి ఒరిగాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు లారీల హారన్లలో కలిసిపోయింది. కునుకు తీస్తున్నాడనుకున్నారు పక్క బల్ల డ్రైవర్లు. పావుగంట తర్వాత దాబావాడు వచ్చి భుజం తట్టాక గాని అసలు సంగతి బయటపడలేదు.

అబ్రహాం సీక్రెట్ సర్వీస్ కొరియర్. అతని ఎడమకాలి బూటు మాయమైంది. దాని మడమలో గోరంత మెమరీ కార్డు ఉండేది. జేబులో మాత్రం, కార్డు మీద కన్నేసిన ముఠా గురించి అతను రాసుకున్న చీటీ ఒకటి దొరికింది: "పిచ్చిజైలు. ఆదివారం. పది."

శనివారం వనపర్తిలో ఒక మేడ మీది అద్దె గదిలో బ్రీఫింగ్. చీఫ్ కుబ్రా బేగంది చిన్న విగ్రహం. కళ్లజోడు మీదుగా చూసిందంటే ఎంతటి ఆఫీసరైనా చొక్కా గుండీలు సరిచూసుకోవాల్సిందే.

"కార్డుల ఏడు పేర్లున్నయ్, మద్దిలేటీ. అవతలి దేశంల మనకోసం పనిచేస్తున్న ఏడుగురు. కార్డు హద్దు దాటిందా, ఏడుగురు పోయినట్టే."

ఏజెంట్ మద్దిలేటికి ఆ లిస్టు కంఠతా వచ్చు. నాలుగో పేరు యోహాను. మానవపాడులో కలిసి చదువుకున్న యోహాను. ఈ పనిలోకి దింపింది తనే. కొడుకు దుబాయిలో ఉన్నాడని యోహాను తల్లి శాంతమ్మ నమ్మకం. మద్దిలేటి కనిపించినప్పుడల్లా ఆమె ఒకటే అడుగుతుంది, మా పిల్లగాడు వేళకు తింటున్నాడా అని. తింటున్నాడని చెప్పి తల తిప్పుకోవడం మూడేళ్లుగా అతనికి అలవాటైపోయింది. అలవాటైంది గానీ, పాడు గుండెకు తేలిక మాత్రం కాలేదు.

మతి తప్పిన హంతకులను సంస్థానం కాలంలో గొలుసులేసి ఉంచిన కోట ఆ పిచ్చిజైలు. ఇప్పుడు ఆదివారం పూట మాత్రమే తెరుస్తారు, ఒక్కటే గైడెడ్ టూర్. కార్డు అక్కడే చేతులు మారుతుంది. తీసుకునేవాడెవడో తెలియకుండా దాడి చేస్తే కార్డు ఎవరి ఒంటి మీద ఉందో దేవుడికే ఎరుక. ముఠాలో మూడు నెలలుగా మన మనిషిగా ఉన్న శ్రీజ టూర్‌కు వస్తుంది, వాణ్ణి చూపిస్తుంది. జీపుతో హైదర్ బయట కాచుకుని ఉంటాడు.

కుబ్రా బేగం రెండు వస్తువులు బల్ల మీద పెట్టింది. సిగ్నల్ పంపే వాచీ, మత్తుసూది దాచిన పెన్ను. "రెండూ వాపసు ఇయ్యాలె. పోయినసారి కెమెరా అగ్గిపెట్టె పోగొట్టినవ్," అంది.

ఆదివారం పదింటికి బోరుమోటార్ల ఏజెంటు వేషంలో, దురద పెడుతున్న పెట్టుడుమీసంతో మద్దిలేటి పిచ్చిజైలు ఆవరణలో నిలబడ్డాడు. మొత్తం పదముగ్గురు. గైడు జోగులమ్మకు యాభై దాటి ఉంటాయి. నడుముకు కిలో బరువు తాళాలగుత్తి, చేతిలో చింతగింజల సంచి. లోపలి తలుపు పక్కన మట్టికుండ. మనిషికో గింజ చేతిలో పెట్టి చెప్పింది.

"మా తాత ఈడ జవాను. మనుషులను లెక్కబెడితే కదులుతరు, లెక్క తప్పుతది. గింజ కదలదు. లోపలికి పొయ్యేటప్పుడు కుండల వేసి పోవాలె, వచ్చేటప్పుడు ఒకటి తీస్కొని రావాలె. గింజ మిగిలితే మనిషి లోపల ఉన్నట్టు. లెక్క ఒక్కసారి తప్పిందా, పెద్ద గేటు తియ్య. అన్ని కొట్టడ్లు మళ్ల తెరిచి చూస్త."

జనం నవ్వారు. బెంగళూరు నుంచి వచ్చానన్న ప్రొఫెసర్ ఒకాయన మెడలోని డిజిటల్ కెమెరాతో కుండను ఫొటో తీశాడు. మద్దిలేటి గింజ పట్టుకుని కుండ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి మల్లెల వాసన, దానితోపాటే ఒక గొంతు.

"జొన్నలు ఎండినయా?"

కోడ్ వర్డ్. "ఇంకో రెండెండలు కావాలె," అన్నాడు వెనక్కి తిరిగి. మెరిసే గద్వాల పట్టుచీరలో శ్రీజ. ఆమె నవ్వుకు పడిపోయిన ఫైళ్లు ఢిల్లీలో చాలానే ఉన్నాయంటారు. అంతలో వెనకనున్నవాళ్లు తోసుకొచ్చారు. అందరూ లోపలికి నడిచారు.

జోగులమ్మ ముందుగా మెట్లకింది భూగృహం చూపించి, గడియ పెట్టి, పైన ఏడో కొట్టడికి, కిటికీ కూడా లేని ఖైదీ గదికి, తీసుకెళ్లింది. అక్కడ అందరినీ నిలబెట్టి తలుపు మూసింది. చీకటంటే ఏమిటో తెలియాలంటే అరవై లెక్కపెట్టేదాకా ఇక్కడ నిలబడాలట. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఇరవై దగ్గర మల్లెల వాసన కదిలింది. ముప్ఫై దగ్గర టిక్‌మని చిన్న చప్పుడు. నలభై దగ్గర ఆ వాసన తిరిగి వచ్చింది.

తలుపు తెరుచుకుని అందరూ బయటపడ్డాక శ్రీజ చెవిలో చెప్పింది. కార్డు తీసుకున్నవాడు భూగృహంలోకి జారుకున్నాడు, గేటు తను చూసుకుంటుంది. మద్దిలేటి పెన్ను పట్టుకుని పద్దెనిమిది మెట్లు చప్పుడు లేకుండా దిగాడు. లోపల గోడకు ఇనుప కడియాలు తప్ప ఏమీ లేవు. వెనక గడియ పడింది.

"సారీ, మద్దిలేటీ," అంది తలుపవతలి నుంచి శ్రీజ. "వచ్చే ఆదివారం దాకా దీన్ని ఎవరూ తెరవరు."

వాచీ నొక్కాడు. మూడడుగుల రాతిగోడ, సిగ్నల్ లేదు. అయినా బెదరలేదు. కుండలో గింజ మిగులుతుంది, జోగులమ్మ వస్తుంది. ఆ ధీమాతో పెన్ను జేబులో పెట్టుకోబోయాడు. వేళ్లకు నున్నగా, గట్టిగా ఏదో తగిలింది.

చింతగింజ. కోడ్ వర్డ్ వినగానే చెయ్యి కుండలోకి కాకుండా జేబులోకి పోయింది. కుండలో పన్నెండే ఉన్నాయి. బయటికి పోయేదీ పన్నెండుగురే. లెక్క చక్కగా సరిపోతుంది.

ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత చెత్తపని ఎప్పుడూ చెయ్యలేదు. తను పోతే పోయాడు, యోహాను ఏం పాపం చేశాడు? తలుపును గుద్దాడు, అరిచాడు, పెన్నుతో గడియ సందులో పొడిచాడు. పెన్ను వంగింది. అతని అరుపు అతనికే తిరిగి వినిపించింది. ఈసారి శాంతమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచక, ఆ చీకట్లో మద్దిలేటికి ఏడుపొచ్చింది.

ఎంతసేపైందో, గడియ కిర్రుమంది. ఎదురుగా తాళాలగుత్తితో జోగులమ్మ.

ఆమె ఒక్క ఊపిరిలో జరిగింది చెప్పింది. అందరూ తలో గింజ తీసుకున్నారు. చివర వచ్చిన కెమెరా సారుకు కుండలో గింజ లేదు. గింజ లేకుండా పోనివ్వనన్నందుకు ఆయన తిట్టాడు. అంతలో ఒకామె కింద దొరికిందని ఒక గింజ తెచ్చి ఇచ్చింది. అయినా తను ఒప్పుకోలేదు, లెక్క తప్పితే తప్పినట్టే.

మద్దిలేటికి బల్బు వెలిగింది. తను లోపల చిక్కిన సంగతి తెలియకూడదని శ్రీజ మద్దిలేటి వంతు కూడా కలిపి రెండు తీసింది. మద్దిలేటి అసలు గింజే వెయ్యలేదని పాపం ఆమెకేం తెలుసు?

"గింజ తెచ్చిచ్చింది ఎవరక్కా?"

"పట్టుచీర మేడం. కెమెరా సారు కోసం తెగ పరేషాన్ అయింది."

ఇంకేం కావాలి? చీకట్లో విన్న టిక్‌ చప్పుడు కెమెరాలో కార్డు పడిన చప్పుడు. మద్దిలేటి మెట్లెక్కి ఆవరణలోకి పరుగెత్తాడు. అతన్ని చూడగానే శ్రీజ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. వెనకే వచ్చిన జోగులమ్మ తాళాలగుత్తి విసిరింది. కిలో ఇనుము మణికట్టుకు తగిలితే ఎంతటి గ్లామరైనా కెవ్వుమనాల్సిందే. పిస్టల్ రాళ్ల మీద పడింది.

పెద్ద గేటు దగ్గర ప్రొఫెసర్ కెమెరాను ఊచల సందులోంచి బయటికి తోస్తున్నాడు. అవతల మోటార్‌సైకిల్ మీద హెల్మెట్‌వాడు చెయ్యి చాచాడు. వాడి వేళ్లు కెమెరాకు తగిలాయి. సరిగ్గా అప్పుడు మద్దిలేటి దూకి కెమెరా పట్టీ దొరకబుచ్చుకున్నాడు. రెండో చేత్తో వాచీ నొక్కాడు. ఆకుపచ్చ లైటు. కెమెరా ఇటు గుంజితే అటు, అటు గుంజితే ఇటు. హైదర్ జీపు మోటార్‌సైకిల్‌కు అడ్డంగా వచ్చి ఆగేసరికి కెమెరా, కార్డు, ఊడిన పెట్టుడుమీసం అన్నీ కలిసి మద్దిలేటి మీదే పడ్డాయి.

పోలీసులు వచ్చినా జోగులమ్మ గేటు తియ్యలేదు. మద్దిలేటి జేబులోని గింజ తీసుకుని, పదమూడు లెక్కపెట్టి, "పెద్ద సదువులు సదివినోళ్లు, ఒక గింజ కుండల ఎయ్య చేతకాదు," అని గొణిగాక తాళం తీసింది.

సాయంత్రం వనపర్తి ఎస్.టి.డి. బూత్ నుంచి మద్దిలేటి మానవపాడుకు ఫోన్ చేశాడు. శాంతమ్మ ఎప్పటి మాటే అడిగింది.

"తింటుండు పెద్దమ్మా. బాగున్నడు," అన్నాడు. ఈసారి గొంతు తడబడలేదు. కళ్లు మాత్రం తుడుచుకోవాల్సి వచ్చింది.

బూత్ బయట కుబ్రా బేగం వంకరపోయిన పెన్నును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"అగ్గిపెట్టె పోగొట్టినవ్, పెన్ను వంచినవ్," అంది. "వచ్చేసారి నీకు చింతగింజే ఇస్త. అదైతే పైలంగ జేబుల పెట్టుకుంటవ్."