అడగని కిడ్నీ

పొద్దున్నే కొట్టు తెరిచి పరుపు గలీబులోకి దూది కూరుతున్నాడు అయూబ్. గుంటూరులో వాళ్ళ నాన్న నాటి నుంచీ ఉన్న పరుపుల కొట్టది, వెనక రెండు గదుల్లో కాపురం. ఇంతలో ఫోన్ మోగింది. ‘అక్క’ అని పేరు పడింది. ఫోన్‌ని దూదిలోకి తోసేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిలో పడ్డాడు. దూదిలోంచి కూడా అది మోగుతూనే ఉంది, ఏం చేస్తాం!

మూడు నెలలుగా ఇదే వరస. చీమకుర్తిలో ఉండే అమీర్‌బీ అయూబ్‌కి ఒక్కగానొక్క అక్క. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టి, తల దువ్వి బడికి పంపింది ఆవిడే. ఆవిడ భర్త నాగూర్ వలి గ్రానైటు కోసే యూనిట్లో పని చేస్తాడు. ఆయనే ఆమధ్య ఫోన్ చేసి, "మీ అక్క కిడ్నీలో పెద్ద గడ్డ ఉందంటరా. ఆ కిడ్నీ తీసేయాల్సి వస్తుందేమో అంటున్నారు" అన్నాడు.

అంతే, అయూబ్ గుండె జారిపోయింది. అక్క కోసం కాదు, తన కోసం. కిడ్నీ పోతే ఇంకో కిడ్నీ కావాలి, కావాలంటే తోడబుట్టినవాణ్ణే అడుగుతారు. ఒకటి పోయినా రెండోది ఉంటుందిగా అన్న మాట ఆ మహానుభావుడి బుర్రకి తట్టనే లేదు. ఆ రోజు నుంచీ ఫోన్ ఎత్తితే ఒట్టు! పెళ్ళాం హీనాకి మాత్రం, "మాట్లాడాను, బాగానే ఉందట" అని చెప్తూ వచ్చాడు.

ఆ పూట మోత విని లోపల్నుంచి వచ్చి, దూదిలో చెయ్యి పెట్టి ఫోన్ వెతికి తీసింది హీనాయే.

"అన్నయ్యగారా! ఎక్కడ? ఇక్కడా? గుంటూరులోనా?"

అవతలున్న నాగూర్ వలి చెప్పిందంతా విందామె. ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"వదినకి ఇవాళ మూడోసారి క్యాన్సరు మందు ఎక్కిస్తున్నారంట, మన ఊళ్ళోనే. బాగానే ఉందని నాకు చెప్పిందెవరండీ?"

అయూబ్ గబగబా మళ్ళీ దూది కూరసాగాడు.

"నోరు పెగలదేం? లేవండి, చొక్కా వేసుకోండి!"

బండి మీద ఆస్పత్రికి వెళ్తున్నంత సేపూ అయూబ్ లోపల ఒకే మాట వల్లె వేసుకున్నాడు. వార్డులోకి అడుగుపెట్టి అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మనిషి సగమైపోయింది. తలకి కట్టిన గుడ్డ కింద ఒక్క వెంట్రుక లేదు. చేతికి సెలైను.

"వచ్చావురా!" అంది అమీర్‌బీ. ఆవిడ మొహం విప్పారింది.

వల్లె వేసిన మాట కాస్తా నోట్లోంచి ఊడిపడింది. "అక్కా, నాకు షుగరొచ్చింది. డాక్టరు ఇవ్వొద్దన్నాడు."

"ఏం ఇవ్వొద్దన్నాడు?"

ముందుగా నాగూర్ వలికి అర్థమైంది.

"కిడ్నీయా? నీ కిడ్నీ ఎవరడిగార్రా?" ఆయన గొంతుకి వార్డంతా ఇటు తిరిగింది. "సూదితో గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేశారు. మామూలుగా కిడ్నీకొచ్చే క్యాన్సరు కాదంట, లింఫోమా అంట, లింఫు గ్రంథులకొచ్చేది. మెడలోనో చంకలోనో బిళ్ళ కట్టి మొదలవ్వాల్సింది, దీనికి కిడ్నీలోనే పుట్టింది. చాలా అరుదంట. ఒళ్ళంతా స్కానింగ్ తీశారు, ఎముకల్లో మూలుగ కూడా పరీక్ష చేశారు, ఇంకెక్కడా లేదు. ఆపరేషనే అక్కర్లేదన్నారు. మూడు వారాలకోసారి మందు ఎక్కించాలి, ఆరుసార్లు. రెండుసార్లకే గడ్డ సగం కరిగింది. దాని కిడ్నీ దానికే ఉంది, నీది నువ్వే ఉంచుకో!"

"మరి... అన్నిసార్లు ఫోన్ ఎందుకు చేశావక్కా?"

అమీర్‌బీ మొహమాటపడింది. "మందెక్కాక ఒకటే వాంతులురా. ఆ ఒంటితో చీమకుర్తి దాకా బస్సులో పోలేను. ఒక్క రాత్రి మీ ఇంట్లో పడుకుందామని చేశాను. పనిలో ఉన్నావేమోలే అనుకున్నాం. ఇక్కడే వరండాలో చాప వేసుకున్నాం, బానే గడిచింది."

ఊరందరికీ పరుపులు కుట్టేవాడి అక్క, రెండుసార్లు ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకుంది. అయూబ్‌కి తల కొట్టేసినట్టయింది. హీనా కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

"అది సరే, షుగరెప్పుడొచ్చిందిరా?" అమీర్‌బీ కంగారుగా లేవబోయింది. "మాత్రలు వేసుకుంటున్నావా? నాన్నకీ ఇలాగే కాలి పుండు మానలేదు, ఉత్త కాళ్ళతో తిరక్కు. హీనా, వీడికి రాత్రిళ్ళు అన్నం మానిపించి రొట్టెలు చెయ్యమ్మా."

తిట్టి ఉంటే భరించేవాడే. ఈ మాటలకి తట్టుకోలేక మంచం పక్కన కూలబడ్డాడు.

"షుగరూ లేదు, ఏమీ లేదక్కా. అంతా అబద్ధం. కిడ్నీ అడుగుతావని హడలి చచ్చాను. నువ్వేమైపోతావో అని ఒక్క పూట కూడా అనుకోలేదు. నీ మొహం చూడాలంటే సిగ్గేస్తోంది."

అమీర్‌బీ వాడి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నిజంగా షుగర్ లేదా?"

"లేదక్కా."

"నా తల మీద చెయ్యేసి చెప్పు."

అయూబ్ ఆ బోడి తల మీద మెల్లిగా చెయ్యి ఆనించాడు. "లేదక్కా."

"అమ్మయ్య!" అంటూ ఆవిడ కళ్ళు మూసుకుని దిండు మీదికి వాలింది. "హడలగొట్టావు గదరా."

చెయ్యి తియ్యకుండానే అయూబ్ బావురుమన్నాడు.