రాజుగారి ఇంటామె

కంచం ఎగిరి మగ్గం గుంటలో పడింది. అన్నం, పులుసు, వేయించిన అప్పళం అన్నీ నేతలో ఉన్న పడుగు మీద చిందాయి. "దాసీ చేతి కూడు తినేంత గతి లేనివాడైనాడా భూపతిరాజు? దేవి యాడ? దేవిని రమ్మను!" అని శేషాద్రి కేకలు వేస్తున్నాడు. గోవిందమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, గుంటలోకి దిగి, ఒక్కొక్క మెతుకూ ఏరింది. ఎవరు దాసి? తాళి కట్టించుకుని, ఈ మగ్గం పక్కనే రాట్నం తిప్పి నడుం వంగిపోయిన పెళ్ళాం ఆయనకు దాసి అయిపోయింది! ఏడాదిగా ఇదే వరస. గుండె పగలడానికి ఒక ఆడదానికి ఇంతకంటే ఏం కావాలో మీరే చెప్పండి.

కూతురు నిత్య గడపలో నిలబడి అంతా చూసింది. తిరువళ్ళూరులో ఆఫీసు ఉద్యోగం ఆ పిల్లకు. శనివారం వస్తే ఆదివారం సాయంత్రం బస్సెక్కి పోతుంది.

"ఇంక చాలమ్మా," అంది నిత్య. "పోయిన వారం తిరుత్తణి బస్టాండులో దొరికినాడు. చొక్కా కూడా లేదు ఒంటిమీద. రేపు యాడ దొరుకుతాడో, దొరుకుతాడో లేదో... మతి తప్పినోళ్ళను చూసుకునే హోమ్ ఒకటి ఉండాది మా ఆఫీసు దగ్గిర. మాట్లాడేసినాను. నువ్వు నాతో వచ్చి ఉండు."

"ఆయన్ని హోమ్‌లో పెట్టి నేను నీ ఇంట్లో ఫ్యాను కింద కూర్చోవాల్నా?"

"నువ్వెవరో ఆయనకు తెలిస్తే గదమ్మా, నువ్వు లేవని ఆయనకు బాధ?"

కన్నకూతురు నోటి నుంచి వచ్చిన మాట. అబద్ధమైతే తిట్టేది గోవిందమ్మ. నిజం కాబట్టి అన్నం ఎత్తి పోసి, చేతులు కడుక్కుని వచ్చింది.

ఇప్పుడు ఆ భూపతిరాజు సంగతి చెప్పాలి. పొదటూరుపేట నేత వీధుల్లో ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అమ్మవారికి భూపతిరాజు నాటకం ఆడతారు. ఏ కోటకు రాజో, ఏ కాలంలో ఏలినాడో ఎవరికీ తెలియదు, పాతకాలపు రాజు. తమ్ముడి చాడీలు నమ్మి, కట్టుకున్న మంగాంబికాదేవిని అడవికి తోలేస్తాడు. చివరికి యుద్ధంలో బాణం దెబ్బ తిని, ఆ దేవి ఒడిలోనే ప్రాణం విడుస్తాడు. శేషాద్రి మీసం రాని వయసులో ఆ కిరీటం పెట్టుకున్నాడు, నిన్నమొన్నటి దాకా దించలేదు. దేవి వేషం ఆయన స్నేహితుడు దండపాణిది. దండపాణి చచ్చిపోయిన ఏడాదే శేషాద్రికి ఈ మతిమరుపు పట్టుకుంది. ఇల్లూ, వీధీ, పెళ్ళాం, కూతురు అంతా తుడిచిపెట్టుకుపోయింది, నాటకం ఒక్కటి తప్ప.

ఆ నాటకానికి ఒక కట్టుబాటు ఉంది. రాజు వేషం కట్టినవాడి భార్య నాటకం చూడకూడదు. ఎందుకంటే ఆఖరి అంకంలో రాజు చస్తాడు, దేవి బొట్టు చెరుపుకుంటుంది. మొగుడు చచ్చేది పుణ్యస్త్రీ కళ్ళతో చూడవచ్చా? అందుకని వీధి వీధంతా చాప పరుచుకుని నాటకం ముందు కూర్చుంటే, గోవిందమ్మ మాత్రం తలుపు వేసుకుని, దీపం వెలిగించుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేది. మైకులో మొగుడి గొంతు వినబడేది. రాజు చచ్చే పాట మొదలవగానే తాళి కళ్ళకు అద్దుకునేది. ఆట ముగిసి ఆయన రంగు మొహంతోనే ఇంటికొచ్చి, తన చేత్తో ఆమె నుదుట కుంకం పెట్టి, "గోయిందూ, బతికే ఉండాను లేవే" అనేవాడు. అప్పుడు ఆమె కొబ్బరినూనె పూసి ఆయన మొహం రంగు తుడిచేది. ఆ 'గోయిందూ' అనే పిలుపు కోసమే ఆమె కాపురం మొత్తం గడిచిపోయిందంటే నమ్మండి.

ఆ రోజు మళ్ళీ అన్నం కలుపుకుని వచ్చిన గోవిందమ్మకు ఏం తోచిందో ఏమో. మగ్గం దగ్గర ఆయన వల్లెవేస్తుంటే ఎదురు పలికి పలికి ఆమెకు దేవి మాటలన్నీ నోటికే వచ్చు. "ప్రభూ, తమరు ఆరగించనిదే ఈ మంగాంబిక పచ్చిగంగ ముట్టునా?" అంది.

శేషాద్రి చటుక్కున తల ఎత్తాడు. ఏడాదిగా ఆమెను దాటుకుని గోడను చూసే కళ్ళు ఆమె మొహం మీద నిలిచాయి. "దేవీ, వచ్చితివా!" అని నోరు తెరిచాడు. బుద్ధిగా ముద్ద తర్వాత ముద్ద తిన్నాడు.

"చూసినావా నిత్యా!" గోవిందమ్మ కూతురి వైపు తిరిగింది. "నన్ను చూసినాడు. వచ్చే ఆదివారం నాటకం దాకా ఆగవే తల్లీ. ఆయన్ని స్టేజీ ఎక్కించి, దేవిగా నేను ఎదురు నిలబడితే... ఆడ గుర్తు పడతాడు. నా మనసు చెప్తా ఉండాది. ఒక్కసారి గోయిందూ అని పిలవనీ. పిలవకపోతే ఆయన సంచి నేనే సర్ది ఇస్తా."

తల్లి చేతిని పట్టుకుని నిత్య ఏడ్చింది.

నాటకం నేర్పే వాద్యారు మునుస్వామి మాత్రం ఒప్పుకోలేదు. "ఆడమనిషి ఎక్కేదానికి నాకేం అడ్డం లేదమ్మా. ఇప్పుడు ఆడపిల్లలు ఎక్కుతానే ఉండారు. కానీ నువ్వు ఆయన భార్యవి. ఆయన చచ్చేది నువ్వు చూడకూడదు. తప్పు."

"చూడకుండా యాడ ఉండాను అయ్యా?" అంది గోవిందమ్మ. "దినమూ నా కళ్ళెదుటే కొంచెం కొంచెం పోతా ఉండాడు. ఇంక నాటకంలో చూస్తే నాకు కొత్తగా పొయ్యేదేముంది?"

మునుస్వామి కండువాతో కళ్ళు ఒత్తుకుని, సరేనన్నాడు. ఇప్పుడు రాజు వేషం కట్టే హేమనాథ్ శేషాద్రి దగ్గరే నేర్చుకున్నవాడు. "కడపటి అంకం మామకే ఇచ్చేస్తా అత్తా. ఆయన ఆడతా ఉంటే నేను పక్కన ఉంటా" అని, దేవి ఎటు నుంచి రావాలో, తల ఒడిలోకి ఎట్లా తీసుకోవాలో చూపించాడు.

ఆదివారం సాయంత్రం వీధి నిండా జనం. పొద్దు గుంకే వేళకు ఆఖరి అంకం వచ్చింది. కిరీటం తల మీద పెట్టగానే శేషాద్రి వంగిన నడుం నిటారుగా లేచింది! పంచె ఎక్కడ కట్టుకోవాలో తెలియని మనిషి, ఒక్క మాట తప్పకుండా, ఒక్క రాగం జారకుండా పాడుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. బాణం తగిలి ఒరిగాడు. గోవిందమ్మ పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒడిలోకి తీసుకుంది. ఎన్నేళ్ళుగానో గోడకేసి కూర్చుని విన్న పాట ఇది. ఇంత దగ్గరగా, ఆయన ఊపిరి చేతికి తగులుతుండగా వినడం ఇదే మొదలు.

"నీవు నిర్దోషివి. ఏ మొగముతో నీ మొగము చూతును? అయినను ఒక్కసారి చూపు..." అంటూ ఆయన కళ్ళు విప్పాడు. ఆమె వంగింది. కన్నీళ్ళు ఆయన మీసాల రంగు మీద పడ్డాయి. ఇక్కడ రాజు దేవిని పేరు పెట్టి పిలిచి ప్రాణం విడవాలి. పిలువు స్వామీ... నేనే... నీ గోయిందును... చూడు, నా మొహం చూడు. ఆయన చూశాడు, పెదవులు కదిలాయి.

"మంగాంబికా..." అన్నాడు స్పష్టంగా. తల వాల్చేశాడు.

వీధంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నుదుటి బొట్టు చెరుపుకోవలసిన దేవి చెయ్యి ఎత్తలేక అలాగే ఉండిపోయింది. హేమనాథ్ సైగ చేస్తే ఎవరో తెర లాగేశారు.

తెర వెనక శేషాద్రి లేచి కూర్చుని, దుమ్ము దులుపుకుని, ఆమె వైపు మర్యాదగా చూశాడు. "బాగా చేసినావమ్మా. దండపాణికి ఒంట్లో బాగలేదా ఏం? ఎవరింటి బిడ్డవు నువ్వు?"

గోవిందమ్మ జారిన కొంగు సర్దుకుంది.

"మా ఇంటామె చూసుంటే సంతోషపడేది," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "ఆమె రాకూడదులే. దీపం పెట్టుకోని గోడ తట్టు తిరిగి కూర్చోని ఉంటాది పాపం. నేను పొయ్యేదాకా పచ్చినీళ్ళు కూడా తాగదు. నీకొకటి చెప్తా, ఎవురితోనూ అనొద్దు. ఇన్నేండ్లూ ఈడ చచ్చేటప్పుడు నేను తలుచుకునేది ఆమె మొహమే. లేకుంటే నాకు కండ్లనీళ్ళు యాడ నుంచి వస్తాయి? ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గు." అని లేచాడు. "నేను పోవాల. కనిపెట్టుకోని ఉంటాది."

అయ్యో తల్లీ... ఒక జన్మంతా ఎదురుచూసిన మాట అది. వినవలసిన మనిషే విన్నది, కానీ ఆయన చెప్పింది ఆమెకు కాదు!

గోవిందమ్మ వెనక సందులోంచి పరుగెత్తింది. దేవి చీర విప్పి, తన పాత నూలు చీర కట్టుకుని, మొహం కడుక్కుని, దీపం వెలిగించింది. గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇంకా ఆశ చావలేదు చూడండి ఆ పిచ్చిదానికి! ఈ చోటును గుర్తు పడతాడేమో, ఈ వీపును గుర్తు పడతాడేమో అని.

నిత్య చెయ్యి పట్టుకుని ఆయన గడప దాటాడు. దీపాన్ని చూడగానే మొహం వికసించింది. జేబులో దాచి తెచ్చిన అమ్మవారి కుంకం పొట్లం విప్పుకుంటూ దగ్గరికి వచ్చాడు. గోవిందమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది. పొట్లం విప్పుతున్న చెయ్యి అక్కడే ఆగింది.

"మా ఇంటామె యాడమ్మా?" అని అడిగాడు.

నిత్య మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన కోసం తెచ్చిన సంచి కొయ్యకు తగిలించి ఉంది. గోవిందమ్మ అడిగినవాడికి నిబ్బరంగా జవాబు చెప్పింది.

"వస్తాదయ్యా. పక్క వీధి దాకా పోయింది. కూర్చో."

తర్వాత కూతురితో అంది: "ఆ సంచి తీసేయ్ నిత్యా. ఈయన యాడికీ రాడు."

"పిలవలేదు గదమ్మా..." నిత్య ఏడుస్తూ అంది. "పిలవకపోతే పంపిస్తానంటివి గదా."

"అంటిని. కానీ కనిపెట్టుకోని ఉండేది నా కోసమే గదవే. ఇన్నేండ్లు నేను కూర్చున్న చోటే ఇప్పుడు ఆయన కూర్చున్నాడు. లేపి ఎట్ల పంపించేది?"

శేషాద్రి కుంకం పొట్లాన్ని జాగ్రత్తగా మడిచి, దీపం పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మొహం మీద రంగు చెమటకు కరిగి మెడ మీదికి కారుతోంది. కొబ్బరినూనె గిన్నెతో ఆ పరాయి మనిషి వచ్చి తుడుస్తుంటే వద్దనలేదు. వాకిలి వైపే చూస్తున్నాడు. ఆమె అన్నం గిన్నె తెచ్చి ముందు పెడితే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కూడా కూర్చో తల్లీ," అన్నాడు. "ఆమె రానీ. అందరూ కలిసి తిందాం."

గోవిందమ్మ గిన్నె మీద మూత పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది.