గట్టి స్ప్రింగులు

దబీర్‌పురా వంతెన పక్కనున్న మెకానిక్ కొండల్ షెడ్డు మీద ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. రేకుల మీద చినుకుల చప్పుడు, లోపల గ్రీజు వాసన. డానియేలు కారును జాకీల మీద లేపి చక్రాలు ఊడదీశారు.

డానియేలు కరెంటాఫీసులో లైన్‌మన్. ఇల్లు మొఘల్‌పురాలో. కారు పాతదే అయినా ఇంజన్‌కి వంక లేదు. మలుపు తిరిగితే మాత్రం పడవలా ఒక పక్కకి ఒరిగిపోయేది. భార్య రూపకి నెలలు నిండుతున్నాయి. కారెక్కితే చాలు, చార్మినార్ దాటకముందే ఆమెకి వాంతులు. అందుకే స్ప్రింగులు మార్పించే ఈ పని పెట్టుకున్నాడు.

"కంపెనీ స్ప్రింగులు మెత్తగుంటయి తమ్మీ," అన్నాడు కొండల్, చేతులు తుడుచుకుంటూ. "ఇవి గట్టివి. షాకబ్జర్లు గూడ వీటికి తగ్గవే. ఇగ బండి రోడ్డును పట్టుకొని పోతది. ఎవరో ఏయించుకొని, సరిగ తిరగకుండనే తీయించేసిండు. కొత్తయే అనుకో."

"మంచిగుంటే ఎందుకు తీయించిండన్నా?"

కొండల్ పానాతో ఇంకో నట్టు బిగించాడు.

"బండి మస్తు పోతుందనే అన్నడు. కానీ ఇగ ఒక్కడినే పోవాలని ఉందన్నడు. నాకైతే సమజ్ కాలె."

సాయంత్రం ధూల్‌పేట్‌లోని పుట్టింటికి రూపని తీసుకుపోయాడు డానియేలు. కారు నిజంగానే మారిపోయింది. మలుపుల్లో ఒరగలేదు, గుంతల్లో ఊగలేదు. రూప దారంతా కబుర్లు చెబుతూనే ఉంది. దిగేటప్పుడు, "ఇయ్యాల కడుపుల తిప్పనే లేదు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆమెని అక్కడే ఉంచి అతనొక్కడే తిరిగి బయల్దేరేసరికి వాన పెద్దదైంది. గల్లీ పొడుగునా టార్పాలిన్ల కింద రంగులు పడని వినాయకులు వరసగా కూర్చుని ఉన్నారు. తడిసిన మట్టి వాసన కారులోకి వస్తోంది. పురానాపూల్ దాటాక కరెంటు పోయింది. దుకాణాలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

మట్టి వాసన పోయి ఇంకేదో వాసన మొదలైంది. తడిసి మూలన పడేసిన గోనెసంచిలాంటి వాసన. అద్దం కొంచెం దించాడు. పోలేదు.

ఎడమకి మలుపు తిప్పాడు. కారు ఎడమకే ఒరిగింది.

ఎడమకి తిరిగితే కారు కుడికి ఒరగాలి. ఏ కారైనా అంతే. లోపల కూర్చున్న ఎవరో బరువంతా మలుపు వైపుకి వాల్చినట్టుంది.

ముందు స్పీడు బ్రేకరొచ్చింది. ముందు చక్రాలు మెత్తగా దాటాయి. వెనక చక్రాలు ఎక్కగానే కారు అడుగు భాగం రోడ్డుకి రాసుకుని గరగరమంది. నలుగురు మనుషుల్ని ఎక్కించుకున్న బండి మాత్రమే అలా రాసుకుంటుంది.

పక్కకి ఆపి, గొడుగు కూడా లేకుండా దిగాడు. ఫోను లైటు వెనక చక్రం మీద వేశాడు. కారు వెనక భాగం కుంగిపోయి ఉంది. టైరు దాదాపు మడ్‌గార్డుని తాకుతోంది. తలుపు తీశాడు. సీటు ఖాళీ... సీటు మెత్త మాత్రం మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంది.

అతను చూస్తుండగానే మెత్త పైకి లేచింది. కారు వెనక భాగం కూడా మెల్లగా, నిట్టూర్చినట్టు లేచింది. దిగిపోయింది, అనుకున్నాడు. ఏదో గాని... దిగిపోయింది.

పరుగున వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. కారు పక్కకి కుంగింది. పక్క సీటు వైపుకి.

టింగ్... టింగ్... టింగ్...

ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది. పక్కన కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని చెప్పే లైటది. మనిషి బరువు పడితేనే వెలుగుతుంది. అతను తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. గోనెసంచి వాసన చెవి దగ్గరికి వచ్చింది.

"యేసయ్యా..." అన్నాడు, గొంతులోనే. తర్వాత, "ఎవరు?"

టిక్‌మని చిన్న చప్పుడు.

లైటు ఆరిపోయింది.

డానియేలు తాళం చేతులు కూడా వదిలేసి వానలో మొఘల్‌పురా దాకా పరుగెత్తాడు.

పొద్దున ఫోనులో అతని మాట విని రూప ఆటోలో వచ్చేసింది. అతన్ని ఒంటరిగా వదలనని తనూ షెడ్డుకి వచ్చింది. డానియేలు ఫోను చేసి చెబితే కొండల్ అప్పటికే కారు తోలుకొచ్చి పెట్టాడు. ఎండ కాస్తోంది. కొండల్ ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"తమ్మీ, ఖాళీ సీటుకు బెల్టెందుకు పెట్టినవ్?"

"నేను పెట్టలే," అన్నాడు డానియేలు. "తీసేయన్నా. ఇప్పుడే తీసేయ్."

రూప బయట చెక్క బెంచీ మీద కూర్చుంది. కొండల్ ఒక్కొక్కటే విప్పి, స్ప్రింగుల్ని నేల మీద నిలబెట్టాడు. పాతవి మళ్లీ బిగించాడు. కారు ఎత్తు సరిగ్గా ఉంది. డానియేలుకి ఊపిరి తిరిగింది.

అప్పుడు కొండల్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "అటు సూడు," అన్నాడు గుసగుసగా.

నేల మీద నిలబెట్టిన స్ప్రింగుల్లో ఒకటి అణుగుతోంది. స్ప్రింగుని నొక్కిపట్టే ఇనప బిగింపు లేకుండా ఇద్దరు మగాళ్లు ఎక్కి తొక్కినా అణగని స్ప్రింగది. చుట్టుకి చుట్టు ఆనేదాకా అణిగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా లేచి మామూలుగా నిలబడింది.

డానియేలు ఒకడుగు వెనక్కి వేసి కారు బానెట్ పట్టుకున్నాడు.

బయట బెంచీ కిర్రుమంది.

ఫోనులో ఏదో చూసుకుంటున్న రూప తల ఎత్తకుండానే కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఏంది, నీ చేతులు గింత సల్లగున్నయి?" అంది మెల్లగా, కడుపు మీద కొంగు సర్దుకుంటూ.

డానియేలు రెండు చేతులూ కారు బానెట్ మీదే ఉన్నాయి.