మూడో నంబరుకు పలకని ఇంజన్

తొమ్మిదింటికి పనివాళ్ళు రైలుబొమ్మల దుకాణం షట్టరెత్తేసరికి యజమాని కౌంటరు వెనక శవమై ఉన్నాడు. పావుగంటకల్లా తాబేలు చీఫ్ గదిలో ఉన్నాడు. తాబేలు అనేది గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి పడిన పేరు. మెల్లగా కదులుతాడు, పట్టింది వదలడు.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. మన ఏజెంట్ల జాబితా విదేశీ ముఠా చేతికి చిక్కింది. అయితే అది సంకేతభాషలో ఉంది. దాన్ని విప్పే అంకెల్ని మన ఆఫీసు ద్రోహి ఒకడు బొమ్మ ఇంజన్‌లో దాచి బొమ్మరైళ్ళ క్లబ్‌కు చేర్చాడు. పట్టుబడగానే విషం మింగి పోయాడు. ఏ ఇంజనో పసిగట్టిన దుకాణదారు, అది మనకు చెప్పకముందే హతమయ్యాడు.

"పదకొండింటికి వాళ్ళ మనిషి క్లబ్‌కు అతిథిగా వస్తాడు. నువ్వు రిటైరైన టీసీవి. డిజిటల్ కంట్రోల్ ఓనమాలు రావు."

"అందులో నటించాల్సిందేం లేదు సార్."

క్లబ్‌లో మన ఇన్ఫార్మర్ ఉందనీ, పళ్ళ డాక్టరనీ, ఆమే నేర్పుతుందనీ చెప్పి చీఫ్ ఫైలు మూశాడు.

అతికించిన తెల్లమీసం, చెవిమిషన్‌లా కనిపించే వైర్‌లెస్, చంకలో కొత్త ఇంజన్‌తో తాబేలు క్లబ్ మెట్లెక్కాడు. హాలు నిండా బల్లలు, బల్లల మీద పట్టాలు. సోల్డరింగ్ పొగలోంచి నీలం పట్టు స్కార్ఫ్‌తో డాక్టరమ్మ లేచి వచ్చింది. అంత అందగత్తె ఎదురైతే పంటినొప్పి కూడా మరిచిపోవచ్చు.

"మా ఇంజన్‌కి పొగ రావట్లేదమ్మా."

"నూనె పోశారా అన్నయ్యగారూ?"

కోడ్ సరిపోయింది. పాఠం మొదలైంది. పాత పద్ధతిలో కరెంటు పెంచితే పట్టాల మీదున్నవన్నీ కదులుతాయట. డిజిటల్‌లో పట్టాల నిండా ఎప్పుడూ కరెంటుంటుంది. ఆజ్ఞ అన్నిటికీ వినపడుతుంది, పిలిచిన నంబరు ఇంజన్ మాత్రమే పలుకుతుంది. దాని కడుపులోని డీకోడర్ అనే చిప్‌దే ఆ తెలివంతా. కొత్త ఇంజన్ ఏదైనా నంబరు మూడే. పక్కబల్ల మీది ప్రోగ్రామింగ్ ట్రాక్‌పై పెట్టి, తాబేలు ఇంజన్‌కు ఆమె ఏడో నంబరు ఇచ్చింది. మార్పు అందిందన్నట్టు ఇంజన్ చిన్నగా ఉలిక్కిపడింది.

తర్వాత పెట్టెలోంచి ఒక ఆకుపచ్చ ఇంజన్ తీసింది. అతిథికి కానుకట. సీలు ఇప్పుడే విప్పాననీ, ఇంతవరకు ఎవరూ ముట్టలేదనీ చెప్పింది. అడగని సంగతి అంత వివరంగా చెప్పడం తాబేలుకు నచ్చలేదు.

కింద కారాగిన చప్పుడైంది. ఆమె ఎదురెళ్ళగానే అతను ఆకుపచ్చ ఇంజన్‌ను పట్టాలెక్కించి, మూడో నంబరు నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. లైటు కూడా వెలగలేదు.

ఎవరూ ముట్టని ఇంజన్‌కు నంబరు మార్చిందెవరు? అంకెలు ఈ చిప్‌లోనే ఉన్నాయి. మన మనిషి మన మనిషి కాదు.

చెవిమిషన్‌లో చీఫ్‌కు రెండు మాటలు చెప్పి, ఇంజన్‌ను ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదికి మార్చాడు. చిప్‌లోని ఎనిమిదో గడిలో ఎనిమిది రాస్తే అందులోదంతా చెరిగిపోతుందని అక్కడున్న కరపత్రం చెబుతోంది. గడి నంబరు కొట్టాడు. వెనక తలుపు తెరుచుకుని డాక్టరమ్మ, అతిథి లోపలికి వచ్చారు.

"దాన్ని వదిలేయండి అన్నయ్యగారూ." గొంతులో తేనె లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తొంగిచూస్తోంది.

"బటన్లు మరీ చిన్నవి డాక్టరమ్మా, వేళ్ళేమో మొద్దు," అంటూ తాబేలు ఎనిమిది కొట్టాడు. అతిథి చెయ్యి ఇంజన్ మీదికి వస్తుండగా ఎంటర్ నొక్కాడు.

ఇంజన్ ఉలిక్కిపడింది.

అదేమిటో అక్కడ డాక్టరమ్మకే అర్థమైంది. అంకెలన్నీ చెరిగిపోయాయి. అతిథి ఇంజన్ చంకన పెట్టుకుని పరిగెత్తాడు, మెట్ల మీద చీఫ్ మనుషులకు దొరికాడు. ఆమె ఎటూ పరిగెత్తలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

ఆ అంకెల్ని ముందే చదివావా అని తాబేలు అడిగాడు.

"చదవలేదు. చదివితే ముఠావాళ్ళు నన్నూ బతకనివ్వరు," అంది.

ఆ మాట నమ్మాలో లేదో సాయంత్రం దాకా తేలలేదు. ఇంటరాగేషన్ తర్వాత చీఫే నమ్మాడు. దుకాణదారుకు తగిలిన తూటా ఆ పిస్తోలుదే. కేసు ముగిసింది, మీసం తీసేయమన్నాడు.

"ఆదివారం దాకా ఉండనివ్వండి సార్. క్లబ్‌లో పాఠం ఇంకోటుంది," అన్నాడు తాబేలు. "పట్టాలు మార్చడం. టీచర్ ముందే మార్చేసింది గానీ, నేనింకా నేర్చుకోవాలి."